కిట్టు అడిగిన ప్రశ్నకు పెద్దమ్మ జవాబు

చిరంజీవులు సుధకు, కిట్టుకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో కిట్టు "పెద్దమ్మా, ఫ్రాన్స్‌లో ఉండి సైకిలేంటి? కారు కొనుక్కోలేవా?" అనగానే మీ అమ్మ వాణ్ణి కసిరింది. కసరాల్సిన ప్రశ్నేం కాదది. మన తెనాలిలో బండి కొనే స్తోమత వచ్చిన మర్నాడే సైకిలు గోడకి ఆనుతుంది. అలాంటి చోట పెరిగేవాడికి, అరవైకి దగ్గరపడ్డ పెద్దమ్మ హెల్మెట్ పెట్టుకుని వంగిన హ్యాండిలు పట్టుకుని కనిపిస్తే వింతగానే ఉంటుంది. ఫోన్లో చెప్తే తెమిలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. సుధా, నువ్వు చదివి వాడికి వినిపించు. వాడే చదువుకుంటానంటే ఇంకా మంచిది.

కారు ఉందిరా కిట్టూ. లేకపోతే ఇక్కడ రోజు గడవదు. ఫ్రాన్స్ అనగానే మీకు పారిస్, ఈఫిల్ టవరు గుర్తొస్తాయి. మేముండేది పారిస్‌కి పడమరగా, మయెన్ అనే జిల్లాలో. పచ్చిక బీళ్లు, వాటి చుట్టూ ఎత్తుగా పెరిగిన చెట్ల కంచెలు, ఆవులు, ఆపిల్ తోటలు, ఎప్పుడూ ఓ తుంపర. ఊళ్లో ఒక చర్చి, మన పంచాయతీ ఆఫీసు లాంటి 'మేరీ', 1914-18 యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లు చెక్కిన రాయి, ఒక రొట్టెల కొట్టు. ఆ రాయి మీద ఒకే ఇంటిపేరు రెండు మూడుసార్లు కనబడుతుంది. అన్నదమ్ములన్నమాట. బస్సు ఉందంటే ఉంది, లేదంటే లేదు. కారు నడపలేని ముసలివాళ్లు, లైసెన్సు వయసు రాని పిల్లలు ఊళ్లోనే ఇరుక్కుపోతారు. పల్లె అందంగా ఉందని ఫొటోలు పంపినప్పుడు ఈ సంగతి మీకు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

కాబట్టి నేను సైకిలు తొక్కేది గత్యంతరం లేక కాదు. ఇక్కడ ఎవరూ అలా అనుకోరు కూడా. ఆదివారం పొద్దున మా క్లబ్బు వాళ్లు చర్చి ముందు చేరినప్పుడు చూడాలి: రిటైరైన టీచరమ్మ, పాడి రైతు, ప్లంబరు, డెబ్భై దాటిన ఇద్దరు తాతలు. అందరికీ ఇంటి దగ్గర కారుంది. ఆ తాతల వెనక ఎత్తు ఎక్కడం అంటే నాకు ఇప్పటికీ ఆయాసమే.

ముందు సైకిలు గురించి చెప్తాను. దీన్ని రోడ్డు సైకిలంటారు. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంపు తిరిగిన హ్యాండిలు, ఎత్తైన సీటు. మన పాత నల్ల సైకిలు బరువులో సగం కూడా ఉండదు. అసలు కిటుకంతా గేర్లలో ఉంది. సుధా, నీకు లెక్కలంటే ఇష్టం కదా, ఇది చెయ్యి. పెడలు దగ్గరున్న చక్రానికి 50 పళ్లు, వెనక ఫ్రీవీలుకి 11 పళ్లు ఉన్నాయనుకో. పెడలు ఒక్కసారి తిప్పితే వెనక చక్రం నాలుగున్నర చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. అంటే ఒక్క తొక్కుకి తొమ్మిదిన్నర మీటర్లు! అదే ముందు 34, వెనక 34 పళ్లు పెడితే ఒక తొక్కుకి ఒక చుట్టే, రెండు మీటర్ల చిల్లర. దూరం తగ్గింది, కాలి మీద భారమూ తగ్గింది. గుట్ట ఎదురైతే ఇదే ప్రాణం కాపాడుతుంది.

ఇంత మంచి ఏర్పాటుని ఒకప్పుడు చాలామంది ఎగతాళి చేశారంటే నమ్ముతారా? సెంట్ ఎత్యెన్ నగరంలో పాల్ ద వివీ అనే ఆయన, 'వెలోసియో' అన్న కలం పేరుతో, గేర్లు మార్చే సైకిళ్ల కోసం ఏళ్ల తరబడి వాదించాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెం పెట్టిన ఆన్రీ దెగ్రాంజ్ మాత్రం గేర్లు ముసలివాళ్లకి గానీ మగధీరులకెందుకన్నాడు. 1937 దాకా ఆ పందెంలో గేరు మార్చే పరికరాన్ని రానివ్వలేదు. అంతవరకూ పాపం ఆ పోటీదార్లు కొండ కింద దిగి, వెనక చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకునేవాళ్లు. నా మోకాళ్లు మాత్రం వెలోసియో పక్షం.

టూర్ ద ఫ్రాన్స్ టీవీలో చూసే ఉంటారు. 1903లో ఒక పత్రిక అమ్మకాలు పెంచుకోడానికి మొదలైన పందెం అది. ఆ పత్రిక పసుప్పచ్చ కాగితం మీద అచ్చయ్యేది, అందుకే ముందున్నవాడి చొక్కా పసుపు. 2021లో మా జిల్లాకి కూడా వచ్చింది: షాంజె నుంచి లావాల్ దాకా ఒక్కొక్కర్నీ విడివిడిగా పంపి గడియారంతో పోటీ పెట్టారు, స్లొవేనియా దేశపు పొగాచర్ గెలిచాడు. కానీ పందెం వేరు, మేం తిరిగే తిరుగుడు వేరు. మాలో ఎవరూ ఎవర్నీ ఓడించరు. పోయినంత దూరం పోయి, మధ్యలో కాఫీ తాగి, భోజనం వేళకి ఇంటికి రావడమే.

రోడ్ల సంగతి చెప్పాలి. పెద్ద రోడ్లు లారీలకి వదిలేసి మేం చిన్న జిల్లా రోడ్లు పట్టుకుంటాం. తల మీద పసుపు రంగు వేసిన మైలురాళ్లు ఉంటాయి వాటి పక్కన. ఊరి వెలుపల సైకిలుని దాటే కారు కనీసం మీటరున్నర ఎడం ఇవ్వాలి, ఊళ్లో అయితే మీటరు. ఇది చట్టం. అందరూ పాటిస్తారని కాదు, పాటించనివాళ్లు ఇక్కడా ఉన్నారు. కానీ ఒక ట్రాక్టరు నా వెనక, హారన్ కొట్టకుండా, మలుపు దాటేదాకా ఓపిగ్గా వచ్చినప్పుడు మొదట్లో నాకే సిగ్గనిపించేది, తప్పుకోనా అని. మన వైపు హారన్ అంటే పలకరింపు, హెచ్చరిక, తిట్టు, అన్నీ. ఇక్కడ హారన్ వినిపిస్తే ఏదో జరిగిందని తిరిగి చూస్తారు.

ఒక్క నియమం మాత్రం నాకు చచ్చేలా అలవాటు కాలేదు. వేరే బోర్డేదీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడిదే దారి. మనం ఊరి మధ్య పెద్ద రోడ్డు మీద పోతున్నా సరే, కుడిపక్క సందులోంచి ఒక ముసలాయన కారు తీస్తే ఆగాల్సింది మనమే. ఆయన ఇటు చూడను కూడా చూడడు, హక్కు కదా!

కిట్టూ, నువ్విక్కడికొస్తే హెల్మెట్ లేకుండా సీటెక్కనివ్వరు. పన్నెండేళ్లలోపు పిల్లలకి 2017 నుంచి తప్పనిసరి. పెద్దవాళ్లకి చట్టం లేదు గానీ మా క్లబ్బులో అందరం పెట్టుకుంటాం. ఊరి బయట చీకట్లో గానీ పొగమంచులో గానీ పోతే మెరిసే చొక్కా వేసుకోవాలి. చలికాలం పొద్దు తొమ్మిదింటికి గానీ పొడవదు, ఐదు దాటగానే వాలిపోతుంది. జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుతురే. సెప్టెంబరు నుంచి వేటగాళ్లు నారింజ రంగు చొక్కాలేసుకుని పొలాల్లో దిగుతారు. అప్పుడు అడవిదారి వదిలి మయెన్ నది గట్టు పట్టుకుంటాం. పూర్వం గుర్రాలు పడవల్ని లాగిన గట్టు అది. 80 కిలోమీటర్ల పైన చదునైన దారి, కార్లు రావు, లాకులు, లాకు కాపరుల ఇళ్లు. మీ ఇద్దరికీ మొదట చూపించేది ఆ దారే.

చదును చోట కూడా గుంపుగా పోవడంలో ఒక పద్ధతుంది. కాస్త వేగంగా పోయేటప్పుడు మన బలంలో ఎక్కువ భాగం గాలిని నెట్టడానికే పోతుంది. ముందువాడి చక్రానికి దగ్గరగా ఉంటే వాడు చీల్చిన గాలి మనకి తేలిక. అందుకని వంతులవారీగా ముందుకొస్తారు. ముందున్నవాడు గుంత కనిపిస్తే చేత్తో చూపిస్తాడు, వెనకవాడు కారొస్తే కేకేస్తాడు. చేరిన కొత్తలో ఆ కేకలు తప్ప నాకు ఫ్రెంచి పెద్దగా అర్థమయ్యేది కాదు. అయినా ఎవరూ వదిలేసి పోలేదు. నాలుగు మాటలొచ్చింది ఆ గుంపులోనే, తరగతిలో కాదు.

ఇక తిండీ నీళ్లూ. కొట్లోకి అడుగు పెట్టగానే 'బోంజూర్' అనాలి. అనకుండా సరాసరి "రొట్టె ఇవ్వండి" అంటే అది పొగరు కింద లెక్క, రొట్టె ఇస్తారు గానీ మొహం మాత్రం ఇవ్వరు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా చాలా కొట్లు మూత. మా రొట్టెల కొట్టు సోమవారం కూడా మూతే. ఇవన్నీ తెలుసుకుని దారి వేసుకోకపోతే నలభై కిలోమీటర్లు తొక్కి మూసిన తలుపు చూసి రావాలి. నీళ్లకి మాత్రం ఒక చిట్కా ఉంది, సైకిలు తొక్కేవాళ్లందరికీ తెలుసు: దాదాపు ప్రతి ఊరి శ్మశానంలోనూ కుళాయి ఉంటుంది. సమాధుల మీది పూలమొక్కలకి నీళ్లు పోయడానికి పెట్టింది. 'తాగరాదు' అన్న బోర్డు లేకపోతే సీసా నింపుకుంటాం. ఇది మీ అమ్మమ్మకి చెప్పకండి, ఫోన్లోనే తలస్నానం చేయిస్తుంది. కరివేపాకు కావాలంటే పారిస్‌లో లా షపెల్ దగ్గరున్న తమిళుల కొట్లకి పోవాలి, కానీ మజ్జిగకి లోటు లేదు. పక్కనే ఉన్న బ్రెటన్ సీమ వాళ్లు 'లే రిబో' అని అచ్చం మజ్జిగే సీసాల్లో అమ్ముతారు. ఉప్పు, అల్లం ముక్క వేసి, సైకిలు దిగగానే గ్లాసుడు తాగుతాను.

ఇప్పుడు అసలు కథ. మా దగ్గర్లో విలేన్ లా జ్యుయెల్ అని చిన్న పట్నం ఉంది. నాలుగేళ్లకోసారి ఆ పట్నం నిద్రపోదు. పారిస్-బ్రెస్ట్-పారిస్ అని ఒక సైకిలు సవారీ ఉంది, పారిస్ వైపు నుంచి సముద్రం ఒడ్డున ఉన్న బ్రెస్ట్ దాకా పోయి మళ్లీ వెనక్కి రావాలి. సుమారు 1,200 కిలోమీటర్లు, ఎక్కువమందికి గడువు 90 గంటలు. 1891లో పందెంగా మొదలైంది. అప్పుడు షార్ల్ తెరోఁ అనే ఆయన 71 గంటల్లో ముగించాడు, దాదాపు నిద్రే లేకుండా. ఇప్పుడది పందెం కాదు. గడువులోగా, దారిలో ఉన్న మా విలేన్ లాంటి మజిలీల దగ్గర కార్డు మీద ముద్ర వేయించుకుంటూ పూర్తి చేస్తే చాలు, బహుమతి డబ్బులేం లేవు. ఆ దారి పొడుగునా ఎక్కిన ఎత్తులన్నీ కలిపితే ఎవరెస్టు కంటే ఎక్కువ.

దీంట్లో దిగాలంటే ముందు అదే ఏడు 200, 300, 400, 600 కిలోమీటర్ల సవారీలు గడువులోగా చేసి చూపించాలి. వాటిని మన దేశంలోనూ నిర్వహిస్తారు, హైదరాబాద్ రాండొన్యూర్స్ క్లబ్బు వాళ్లు ఏటా పెడుతుంటారు. అలా 2023 ఆగస్టులో ఆరు వేల పైచిలుకు మంది పారిస్ దగ్గరున్న రాంబుయే నుంచి బయల్దేరితే వాళ్లలో మన దేశం వాళ్లు కూడా చాలామంది.

విలేన్‌లో ఊరు ఊరంతా వంతులేసుకుని పనిచేస్తుంది. మీ వయసు పిల్లలే అలసినవాళ్ల పళ్లేలు మోసుకొచ్చి బల్ల మీద పెడతారు. దారిలోని పల్లెల్లో ఇంటి ముందు బల్ల వేసి నీళ్లు, కాఫీ, అట్లు పెట్టి అర్ధరాత్రి దాకా కూర్చుంటారు. డబ్బులు తీసుకోరు. కొందరు మీ ఊరికెళ్లాక ఒక పోస్టుకార్డు పంపమంటారు, అంతే. మా వీధి ఆడవాళ్లతో కలిసి నేనూ ఒక బల్ల వేశాను. వాళ్లు తీపి అట్లు పోస్తే నేను డబ్బానిండా పులిహోర కలిపాను. నన్ను చూసి నవ్వారు, ఎవరు తింటారని.

తిరుగు దారిలో, అంటే వెయ్యి కిలోమీటర్లు తొక్కి వస్తున్న ఒకతని చొక్కా మీద మన జెండా కనిపించింది. "తెలుగువాళ్లేనా బాబూ?" అని అరిచాను. బ్రేకు పట్టి నిలబడ్డాడు. కళ్లు గుంటలు పడి ఉన్నాయి. "ఏంటండీ, పులిహోరా? నాకు నిద్రలేక కల రావట్లేదు కదా?" అన్నాడు. నిలబడే తిన్నాడు, మళ్లీ పెట్టించుకున్నాడు. మా పక్కింటావిడ అతని సీసా తీసుకుని నీళ్లు నింపి తెచ్చింది. పోతూ పోతూ "ఇంకా ఎత్తులున్నాయా ఆంటీ?" అని అడిగాడు. ఉన్నాయి, పెర్ష్ గుట్టలు ఇంకా దాటాలి. ఉన్నాయనే చెప్పాను. దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చిన జపాన్ ఆయన కూడా పులిహోర అడిగి పెట్టించుకోవడంతో నా డబ్బా ఖాళీ అయింది.

కిట్టూ, నీ ప్రశ్నకి నా జవాబు ఇందులోనే ఉంది. నాకు ఈ ఊళ్లో మనుషులు దొరికింది సైకిలు వల్ల. కారులో పోతే అద్దాల వెనక నేనెవరో వాళ్లకి తెలియదు. సైకిలు మీద వచ్చే చీర కట్టని తెలుగావిణ్ణి మాత్రం ఐదారు ఊళ్లవాళ్లు గుర్తుపడతారు, టైరు పంక్చరైతే పంపు పట్టుకుని గేటు దాకా వస్తారు. సుధా, తర్వాతిసారి 2027లో. అప్పుడు నువ్వూ వచ్చి పళ్లేలు మొయ్యొచ్చు, సెలవులు కుదిరితే మీ అమ్మని ఒప్పిస్తాను. పారిస్-బ్రెస్ట్ పేరుతో చక్రంలా గుండ్రంగా చేసే కేకు ఒకటుంది, బాదం పప్పు అద్ది, లోపల క్రీము పెట్టి. అది కూడా కొనిపెడతాను.

ఈలోగా అటక మీదున్న మీ నాన్న సైకిలు దింపించండి. చైనుకి నూనె వేసి, బ్రేకు రబ్బర్లు మార్పించండి. సీటు ఎత్తు ఇలా సరిచూసుకోవాలి: ఒకరు సైకిలు పట్టుకుంటే ఎక్కి కూర్చుని, పెడలు బాగా కిందికున్నప్పుడు మడమ దాని మీద ఆనించండి. కాలు తిన్నగా చాపినట్టుండాలి. మోకాలు వంగితే సీటు పెంచాలి, నడుము ఒక పక్కకి ఒరిగితే దించాలి. కిట్టుకి అది ఎంత దించినా ఎత్తే అవుతుంది, వాడికి వేరే చూడమని నాన్నతో చెప్పాను. హెల్మెట్ కొన్నాక ఫొటో పంపండి.

ఉంటాను,
మీ పెద్దమ్మ