అరోమాథెరపీ (మొక్కల సుగంధ తైలాలతో చేసే చికిత్స): నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

అపోహ: సుగంధ తైలం మొక్కల నుంచి తీసిందే కదా, ఎలా వాడినా ఏం కాదు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టే మాట ఇదే. కిలో గులాబీ తైలం రావాలంటే టన్నుల కొద్దీ రేకులు కావాలి. అంత గాఢమైన ద్రవాన్ని నేరుగా ఒంటికి రాయకూడదు. 30 మిల్లీలీటర్ల మామూలు నూనెలో 12 చుక్కలు కలిపితే దాదాపు 2 శాతం అవుతుంది. పెద్దవాళ్లకు అది చాలు, ముఖానికైతే అందులో సగం.

ఒకావిడ మెడ మీద ఎర్రటి దద్దుర్లతో నా దగ్గరికి వచ్చారు. లావెండర్ తైలం ఏమీ కలపకుండా రాసుకున్నారట. సీసా తెప్పించి చూస్తే మూత వదులుగా ఉంది, నెలల తరబడి కిటికీ పక్కనే పెట్టారు. గాలి తగిలేకొద్దీ లావెండర్‌లోని లినలూల్ అనే పదార్థం ఆక్సీకరణం చెంది, అలర్జీ తెప్పించే గుణం పెరుగుతుంది. ఆ అలర్జీ ఒకసారి పట్టుకుంటే లినలూల్ ఉన్న సబ్బులు, షాంపూలు కూడా పడకపోవచ్చు. బెర్గమాట్ (నిమ్మజాతి పండు) తైలంతో ఇంకో చిక్కు: రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టు అయి, మచ్చలు పడొచ్చు.

అపోహ: వాసన చూస్తే టెన్షన్ తగ్గడం వట్టి భ్రమ.

వాస్తవం: చూపు, వినికిడి సంకేతాలు మెదడులో ముందు సంకేతాలను పంచే కేంద్రమైన థాలమస్‌కి చేరతాయి. వాసన మాత్రం ఆ మజిలీ లేకుండానే భావోద్వేగాలను చూసే అమిగ్డలాకి చేరుతుంది, జ్ఞాపకాల హిప్పోక్యాంపస్ కూడా ఆ దగ్గర్లోనే ఉంటుంది. అందుకే ఒకరికి హాయినిచ్చే వాసన ఇంకొకరికి ఆసుపత్రి రోజులు గుర్తుచేసి గుండె దడ పెంచొచ్చు. నేనైతే ముందుగా సీసా వాసన చూపించి, ఏం గుర్తొస్తోందని అడుగుతాను. ఆందోళన మీద లావెండర్ కొంత పనిచేస్తుందని అధ్యయనాలున్నాయి. వాటిలో గట్టివి మాత్రం మందుగా తయారుచేసిన మాత్రల మీద జరిగినవి, గదిలో వాసన వెదజల్లే డిఫ్యూజర్ మీద కాదు. డిప్రెషన్ మందులు మానేసి తైలాలు వాడమని ఎవరు చెప్పినా దయచేసి వినకండి.

అపోహ: పుదీనా తైలం ముక్కు దిబ్బడను పోగొడుతుంది.

వాస్తవం: అందులోని మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే నాడులను తట్టి లేపుతుంది. దాంతో ఊపిరి బాగా ఆడుతున్నట్టు ఉంటుంది. కొలిచి చూస్తే ముక్కులో గాలి అంతకుముందు ఎంత ఆడుతోందో అంతే. అయినా ఆ ఊరట చిన్నదేం కాదు, రాత్రి నిద్రపట్టేలా చేస్తుంది. పసిపిల్లల ముఖం దగ్గరికి మాత్రం మెంథాల్ గానీ, నీలగిరి తైలం గానీ తేవద్దు, వాళ్లకు ఊపిరి ఇబ్బంది అవుతుంది.

అపోహ: నీళ్లలో రెండు చుక్కలు వేసుకుని తాగితే ఆరోగ్యం.

వాస్తవం: వద్దు. తైలం నీళ్లలో కలవదు, పైన తేలి గొంతుకు నేరుగా తగులుతుంది. నీలగిరి తైలం కొద్ది మిల్లీలీటర్లు కడుపులోకి పోయినా పిల్లలకు ఫిట్స్ రావచ్చు. ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా, సీసా కూడా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.