గోడమీద మెట్టు

పాత కారు హెడ్‌లైట్లలో ప్రొజెక్టర్లు, అంటే కటకంతో వెలుగును మలిచే దీపాలు, బిగించిన రాత్రి, అనంతపురంలో మా ఇంటి ఎదుటి ఖాళీ స్థలంలో, సున్నం కొట్టిన ప్రహరీ గోడకు ఏడున్నర మీటర్ల దూరాన కారు నిలిపి డిమ్ లైటు వేశాం. గీత గీసినట్టు కింద వెలుగు, పైన చీకటి; ఆ గీత ఒక పక్కన మెట్టులా పైకి లేచింది. నేను మురిసిపోతుంటే మెకానిక్ గోడ దగ్గరికి నడిచి వేలితో చూపించాడు. "సార్, మెట్టు కుడివైపు లేచింది." రెండు రోజుల పని మళ్లీ మొదటికి వచ్చింది.

ఆ మెట్టు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే మామూలు హెడ్‌లైటు సంగతి ముందు చూడాలి. అందులో ఉండేది పరావలయం ఆకారపు అద్దం. దాని నాభి (ఫోకస్ బిందువు) దగ్గర పుట్టిన వెలుగు సమాంతర కిరణాలుగా ముందుకు పోతుంది. మన కార్లలో ఎక్కువగా కనిపించే హెచ్-4 బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి. 60 వాట్లది బ్రైట్ కోసం, 55 వాట్లది డిమ్ కోసం. డిమ్ ఫిలమెంటు నాభికి కాస్త ముందు ఉంటుంది, దాని అడుగున చిన్న లోహపు దొప్ప ఉంటుంది. కిందికి పోయే వెలుగును దొప్ప ఆపేస్తే, అద్దం పై సగాన్ని తాకిన వెలుగు మాత్రం వంగి రోడ్డు మీద పడుతుంది. ఫిలమెంటు ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా ఈ లెక్క చెదిరిపోతుంది. పాత అద్దంలో నాసిరకం ఎల్ఈడీ బల్బు గుచ్చినవాళ్లు ఎదుటివారి కళ్లు మిరుమిట్లు గొలిపేది ఇందుకే.

ప్రొజెక్టరు పద్ధతి వేరు. దాని అద్దం దీర్ఘవృత్తం పోలికలో ఉంటుంది. దీర్ఘవృత్తానికి రెండు నాభులు. మొదటి దానిలో బల్బు పెడితే వెలుగంతా రెండో దాని దగ్గర గుమికూడుతుంది. సరిగ్గా అక్కడ ఒక సన్నని రేకు అడ్డంగా నిలబడి కింది సగాన్ని ఆపుతుంది. ముందున్న కుంభాకార కటకం ఆ రేకు అంచు ప్రతిబింబాన్ని తలకిందులు చేసి రోడ్డు మీదికి పంపుతుంది. అంటే గోడమీద మనం చూసిన గీత ఆ రేకు అంచే. నాకు ఈ ఏర్పాటులో అన్నిటికంటే నచ్చేది ఇదే. వెలుగు ఎక్కడ పడకూడదో నిర్ణయించే పని ఒక చిన్న రేకుకు అప్పగించారు.

ఆ అంచు తిన్నగా ఉండదు. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి వెలుగు ఎడమ పక్కన మెట్టులా పైకి లేచి రోడ్డు అంచున నడిచే మనిషిని, ఎద్దుల బండిని చూపించాలి. కుడి పక్కన కిందికే ఉండాలి. బ్రిటన్, జపాన్‌లలోనూ ఇదే పద్ధతి. అమెరికాలో, ఐరోపాలోని చాలా దేశాల్లో కుడివైపు నడుపుతారు గనుక అక్కడి ప్రొజెక్టర్ల మెట్టు కుడికి లేస్తుంది. నేను కొన్నవి అలాంటివి. వాటితో డివైడరు లేని రోడ్డెక్కితే, వేరుశనగ చేను నుంచి మోపెడ్ మీద ఇంటికి వస్తున్న రైతు కళ్లలోకి ఆ మెట్టు నేరుగా కొడుతుంది. ఆ రాత్రే వాటిని తీసేయాలని నిర్ణయించాం.

హెడ్‌లైట్లను రెండోసారి తెరవడానికి మమ్మల్ని ఆదుకున్నది వాటి ముందరి కవచాన్ని అతికించే బ్యూటైల్ రబ్బరు. టైర్ల లోపలి ట్యూబులకు వాడేదీ బ్యూటైలే, గాలిని, తేమను అంత బాగా ఆపుతుంది. ట్యూబులో రబ్బరును గంధకంతో ఉడికించి గట్టిపరుస్తారు, కాబట్టి వేడికి కరగదు. హెడ్‌లైటు అతుకులోని బ్యూటైల్‌ను అలా గట్టిపరచరు. సుమారు 100 డిగ్రీల దగ్గర లక్కలా మెత్తబడి సాగుతుంది. ముందరి పారదర్శక కవచం పాలికార్బొనేట్, అది 147 డిగ్రీల వద్ద మెత్తబడుతుంది. వెనుక గూడు తరచూ పాలిప్రొపిలీన్, అది 160 ప్రాంతంలో కరుగుతుంది. మన పని జరగాల్సింది ఆ కొద్దిపాటి సందులోనే. బల్బులు, మరలు, క్లిప్పులు తీసేసి, ఓవెనులో 100 నుంచి 110 డిగ్రీల వద్ద పది నిమిషాలు ఉంచి, చేతికి గ్లవుజులు తొడుక్కుని మెల్లగా విడదీయాలి. హాట్ ఎయిర్ గన్ వాడితే ఒకేచోట నిలపకూడదు, దాని మూతి దగ్గర వేడి కొన్ని వందల డిగ్రీలు. కొన్ని కార్లలో వేడికి లొంగని గట్టి జిగురు వాడతారు. అవి ఇంట్లో తెరిచేవి కావు.

అద్దం మీది అల్యూమినియం పూత మందం మైక్రానులో పదో వంతు ఉంటుంది. గుడ్డతో తుడిచినా లేచిపోతుంది, వేలు కూడా తగలనీయకూడదు. తిరిగి అతికేటప్పుడు వెనిగర్ వాసన వేసే సిలికాన్ వాడకండి. ఆరేటప్పుడు అది వదిలే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి ఆ పూతను తినేస్తుంది. పైగా మళ్లీ వేడికి ఊడదు. మేం మొదటిసారి సిలికాన్ వాడి ఉంటే ఆ హెడ్‌లైట్లు పాతసామానుకే పోయేవి.

తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించండి.

మన పద్ధతికి సరిపోయే ప్రొజెక్టర్లు తెప్పించి బిగించాక గురి సరిచూశాం. పది మీటర్లకు గీత పది సెంటీమీటర్లు దిగాలి. నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున్న లైటుకు ఆ గీత 50 మీటర్ల దూరాన 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. గురి ఒక్క డిగ్రీ పైకి తప్పితే అదే చోట మీటరు దాటుతుంది, అంటే ఎదుటి కారు డ్రైవరు కళ్ల దాకా. అందుకే గురి సరిచేసే మరను పావు చుట్టు చొప్పున తిప్పాను. ఎడమవైపు మెట్టు వేప చెట్టు మొదలును వెలిగించింది. మెకానిక్ తన మోటారు సైకిల్ తెచ్చి గోడకు కుడి పక్కన నిలిపి, దాని మీద కూర్చుని నావైపు చూశాడు. బండి చక్రాలు మాత్రమే వెలుగుతున్నాయి. "ఇప్పుడు కళ్లకు ఏమీ కొట్టడం లేదు సార్" అన్నాడు చీకట్లోంచి.