డీజిల్ పికప్ స్థానంలో కరెంటు బండి: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో సరకు రవాణా బళ్ల వర్క్‌షాపు నడుపుతూ ఇరవై ఏళ్లకు పైగా డీజిల్ ఇంజిన్లు విప్పి బిగించిన నేను, గత మూడేళ్లుగా బ్యాటరీ బళ్ల మరమ్మతు కూడా చేస్తున్నాను. ఈ మధ్య వారానికి ఇద్దరు ముగ్గురైనా వచ్చి, "అన్నా, డీజిల్ బండి అమ్మేసి కరెంటు బండి తీసుకోమంటవా?" అని అడుగుతున్నారు. బండి పొద్దున ఎక్కడ బయలుదేరి రాత్రి ఎక్కడ ఆగుతుంది, మధ్యలో ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది, ఎంత బరువు మోస్తుంది అన్న సంగతులు తెలియకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం సాధ్యం కాదు. ఈ లెక్క వేసుకోకుండా కొన్నవారూ, ఇదే లెక్క వేసుకోకుండా వద్దనుకున్నవారూ ఒకేలా నష్టపోవడం చూశాను కాబట్టి, నా దగ్గరికి తరచుగా వచ్చే మాటలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తున్నాను.

అపోహ: లోడు పడితే రేంజి (ఒకసారి పూర్తిగా ఛార్జి చేస్తే వెళ్లే దూరం) సగమైపోతుంది.

ఈ భయం చాలావరకు అమెరికా వీడియోల నుంచి వచ్చింది. అక్కడ పికప్ అంటే ఎక్కువగా పెట్రోలుతో నడిచే పెద్ద బండి. 2022లో మార్కెట్లోకి వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ వంటి కరెంటు పికప్‌కు వెనుక ఎత్తైన ట్రెయిలర్ తగిలించి హైవే మీద నడిపినప్పుడు రేంజి దాదాపు సగానికి పడిపోయిన మాట నిజమే. అయితే అందుకు ముఖ్య కారణం బరువు కాదు, గాలి. గాలి నిరోధం వేగంతో పాటు సమానంగా కాక వేగం వర్గం లెక్కన (వేగం రెట్టింపైతే నాలుగింతలుగా) పెరుగుతుంది కాబట్టి, గంటకు 110 కిలోమీటర్ల వేగంతో గోడలాంటి ట్రెయిలర్‌ను లాగే బండి శక్తిలో అధిక భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. మన బళ్లు వరంగల్ చౌరస్తా నుంచి కాజీపేట దాకా 30, 40 కిలోమీటర్ల వేగంతో ఆగుతూ సాగుతూ వెళ్తాయి, సరకు బండి తొట్టిలోనే ఉంటుంది. బరువు వల్ల టైర్ల మీద పడే భారం పెరిగి రేంజి తగ్గుతుంది గానీ, బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటరుగా మారి కొంత శక్తిని తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది కనుక ఊళ్లో తిరిగే బండికి ఆ నష్టం అంత పెద్దది కాదు. ఈ విషయంలో పత్తి లోడును మాత్రం వేరుగా చూడాలి. అది తేలికే అయినా, క్యాబిన్ కంటే ఎత్తుగా నింపి తాళ్లతో కట్టిన విడి పత్తి నర్సంపేట రోడ్డు మీద వేగం అందుకున్నాక గాలిని బాగా పట్టేస్తుంది.

మన దగ్గర రేంజి విషయంలో అసలు మోసపోయేది లోడు వల్ల కాదు, కాగితం మీది అంకె వల్ల. 2022లో వచ్చిన టాటా ఏస్ ఈవీ బ్యాటరీ 21.3 కిలోవాట్ అవర్లు, అంటే మన కరెంటు బిల్లు భాషలో 21.3 యూనిట్లు; దాని ధ్రువీకృత రేంజి 154 కిలోమీటర్లు. ఇది పరీక్షాకేంద్రంలో నిర్ణీత పద్ధతిలో తేల్చిన అంకె. ఏ కంపెనీ బండికైనా ఆ అంకెలో మూడింట రెండు వంతులు లెక్కలోకి తీసుకోమని, అందులోనూ చివరి 15, 20 కిలోమీటర్లను ముట్టుకోవద్దని నేను చెబుతాను. ఆ ప్రకారం రోజుకు 80, 85 కిలోమీటర్ల పనికి అది నమ్మదగిన బండి. హనుమకొండ నుంచి ములుగుకు రానుపోను 100 కిలోమీటర్ల దాకా అవుతుంది. అమ్మకందారు చెప్పిన అంకెను నమ్మి ఆ దారిలో రోజూ కిరాణా సరకు వేస్తానని బండి తీసుకున్న ఒక యజమాని, మొదటి నెలలోనే రెండుసార్లు తిరుగు ప్రయాణంలో రోడ్డు పక్కన నిలిచిపోయి నాకు ఫోన్ చేశాడు. ఆ బండిలో ఏ లోపమూ లేదు. పనికీ బండికీ పొంతన కుదరలేదు.

అపోహ: కరెంటు బండికి బలం ఉండదు.

మోటారు నిలబడ్డ చోటి నుంచే పూర్తి టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. ఏస్ ఈవీ టార్క్ 130 న్యూటన్ మీటర్లు, చిన్న డీజిల్ ఏస్‌ది 45 దగ్గర. బలం సంగతి ఇంతటితో తేలిపోయింది.

అపోహ: అలాగైతే డీజిల్ పికప్ చేసే పనంతా చేస్తుంది.

లాగే బలం వేరు, మోయగల బరువు వేరు. మొదటి ఏస్ ఈవీ మోసేది 600 కిలోలు. 2024లో వచ్చిన రకం టన్ను మోస్తుంది. మన రైతులు మిర్చికి పిలిచే బొలెరో పికప్‌లు 1,300 నుంచి 1,700 కిలోల తరగతివి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఏనుమాముల వ్యవసాయ మార్కెట్ యార్డుకు వచ్చే బళ్లను ఒక్క రాత్రి గేటు దగ్గర నిలబడి చూస్తే విషయం అర్థమవుతుంది. బస్తా 40 కిలోల చొప్పున 40 బస్తాలంటేనే 1,600 కిలోలు. పరిమితి దాటి వేసేవారికి కొదవ లేదు, అది చట్టరీత్యా తప్పు, ప్రాణాలకూ ముప్పు. ఆ రోజుల్లో ఒక బండి పరకాల వైపు ఒక ఊరి నుంచి తెల్లవారుజామున వచ్చి, దించిన వెంటనే మరో ఊరికి మళ్లుతుంది. నాలుగు గంటలు ఛార్జింగుకు ఆగమంటే ఆ కిరాయి ఇంకొకరికి పోతుంది. ఈ పనికి నేడు నేను డీజిల్ బండినే సిఫారసు చేస్తాను, ఇందులో నాకు సందేహం లేదు. అదే లక్ష్మీపురం కూరగాయల మార్కెట్ నుంచి హోటళ్లకు, దుకాణాలకు రోజూ ఒకే దారిలో తిరిగే బండికి, నీళ్ల క్యాన్లకు, గ్యాస్ సిలిండర్లకు, పార్శిళ్లకు డీజిల్ బండి కొనడం ఇప్పుడు డబ్బు పారేసుకోవడమే.

అపోహ: కరెంటు బండి ఎవరికైనా లాభమే.

లెక్క వేద్దాం. డీజిల్ లీటరు 95 రూపాయలు, చిన్న బండి మైలేజీ 18 అనుకుంటే కిలోమీటరుకు 5 రూపాయల 30 పైసలు. కరెంటు బండి 100 కిలోమీటర్లకు, ఛార్జింగులో పోయేదాన్ని కలుపుకొని, సుమారు 24 యూనిట్లు తాగుతుంది. యూనిట్ 8 రూపాయలైతే కిలోమీటరుకు రూపాయి 90 పైసలు. రోజుకు 80 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరిగితే ఏడాదికి దాదాపు 85 వేల రూపాయలు మిగులుతాయి. రోజుకు 30 కిలోమీటర్లే తిరిగే బండికి మిగిలేది 32 వేలు; కొనుగోలు ధరలో తేడాకు, దాని మీది వడ్డీకి అది చాలకపోవచ్చు. ఇంకొక సంగతి చాలామంది గమనించరు. ఇంట్లో కాక బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్‌కు 20 రూపాయలు పెట్టి నింపుకుంటే కిలోమీటరు ఖర్చు 4 రూపాయల 80 పైసలకు చేరి లాభం చాలావరకు ఆవిరైపోతుంది. కాబట్టి రాత్రి బండి నిలిపే చోట సొంత ప్లగ్గు లేనివారు కొనే ముందు బాగా ఆలోచించాలి. కరెంటు బళ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వు గడువు 2026 డిసెంబరు 31 అన్నది కూడా ఈ లెక్కలో చేర్చుకోవాలి.

అపోహ: ఇంట్లో ఏ ప్లగ్గుకైనా తగిలించవచ్చు.

తగిలించకూడదు. 15 ఆంపియర్ల సాకెట్టు, దానికి మీటరు నుంచి నేరుగా వేరే వైరు, సరైన ఎర్తింగ్ తప్పనిసరి. 3 కిలోవాట్ల లోడు ఏడెనిమిది గంటలు ఆగకుండా నడుస్తుంది. పాత ఇళ్లలో సాకెట్లు కరిగిపోవడానికి ఇదే కారణం. మంజూరైన లోడు చాలకపోతే కరెంటు పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్‌కు దరఖాస్తు చేసి పెంచుకోవాలి. బావి దగ్గరి ఉచిత కరెంటు పంపుసెట్టు కోసం ఇచ్చింది. దానికి బండి తగిలించడం తగదు.

అపోహ: కరెంటు బండితో కాలుష్యమే ఉండదు.

బజారులో పొగ ఉండదు, అది చిన్న మేలు కాదు. రోజంతా ఆ పొగ పీల్చే హమాలీలను, దుకాణదారులను అడిగితే దాని విలువ చెబుతారు. కానీ మన కరెంటులో పెద్ద వాటా రామగుండం, భూపాలపల్లి వైపు బొగ్గు కేంద్రాలదే. దేశ సగటున యూనిట్ కరెంటుకు 0.7 కిలోలకు పైగా, లీటరు డీజిల్‌కు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పై లెక్కల ప్రకారం చిన్న బళ్లలో కిలోమీటరుకు కరెంటు బండిది 0.17 కిలోలు, డీజిల్‌ది 0.15; డీజిల్‌ను శుద్ధి చేసి తెచ్చేటప్పుడు వెలువడేదీ కలిపితే రెండూ దాదాపు సమానం. పైకప్పు మీది సోలార్ పలకలతో పగటిపూట నింపుకునే బండి విషయంలోనే ఈ లెక్క స్పష్టంగా మారుతుంది.

అపోహ: ఎండకు పేలుతుంది, వానకు షాకు కొడుతుంది.

చాలా సరకు బళ్లలో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మిగతా రకాల కంటే వేడిని ఎక్కువగా తట్టుకుంటుంది. అయినా మే నెల 45 డిగ్రీల ఎండలో తిరిగి వచ్చిన బండిని వెంటనే ఛార్జింగుకు పెట్టకుండా నీడలో చల్లారనిచ్చి, రాత్రి పెట్టడం మేలు. ఈ రకం బ్యాటరీలో మిగిలిన ఛార్జిని మీటరు సరిగా చూపాలంటే అప్పుడప్పుడు 100 శాతం నింపడం కూడా అవసరం. ఇక నీటి విషయానికి వస్తే, ఐపీ67 గుర్తు ఉన్న బ్యాటరీ మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకునేలా పరీక్ష పొందినది. 2023 జూలైలో హంటర్ రోడ్డు మునిగినప్పుడు నీళ్లు గంటల తరబడి నిలిచాయి. అంతసేపు మునిగిన బండిని ఆరిందని చెప్పి ఆన్ చేయకూడదు, ఛార్జింగూ పెట్టకూడదు, ముందు ఇన్సులేషన్ పరీక్ష (కరెంటు బయటికి లీకవుతుందేమో చూసేది) చేయించాలి.

అపోహ: ఆగిపోతే ఇక్కడ ఎవరూ బాగుచేయలేరు.

క్లచ్, ఇంజెక్టరు, ఆయిలు పనులు పోయాయి. సస్పెన్షన్, బేరింగులు, బ్రేకులు, వైరింగు మిగిలాయి. శిక్షణ లేని చేతులు పెద్ద వోల్టేజీ నారింజ వైర్ల జోలికి వెళ్లకూడదన్నది ఒక్కటే కొత్త హద్దు. నా దగ్గరికి "బ్యాటరీ చచ్చిపోయింది" అని వచ్చిన బళ్లలో చాలావాటికి పోయింది పెద్ద బ్యాటరీ కాదు, లైట్లకూ కంప్యూటర్‌కూ కరెంటిచ్చే మామూలు 12 వోల్టుల బ్యాటరీ. ముందు దాన్ని చూపించండి. ఆగిన బండిని డీజిల్ బండిలాగా తాడు కట్టి లాగించకండి. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టించి, దాన్ని నడిపే కంట్రోలర్‌ను కాల్చేయవచ్చు. మోటారు తిప్పే చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి గానీ, పూర్తిగా మరో బండి మీదికి ఎక్కించి గానీ తీసుకురావాలి.