ముందు కొర్ర కంకి, వెనక మైదా

మా పిన్నిది కనిగిరి పక్క పల్లెటూరు. సజ్జ సంగటి, కొర్రన్నం తిని పెరిగిన మనిషి. షుగరు వచ్చాక డాక్టరు బిస్కెట్లు మానెయ్యమంటే, మానకుండా రకం మార్చింది. మొన్న ఒంగోలులో మా ఇంటికి వచ్చినప్పుడు సంచిలోంచి ఒక ప్యాకెట్టు తీసి, "ఇవి కొర్ర బిస్కెట్లు నాయనా, నాకు వీటితో భయం లేదు" అంది. ఆకుపచ్చ అట్ట, దాని మీద బరువుకు వంగిన కొర్ర కంకి, పక్కన మట్టి మూకుడు.

వెనక్కి తిప్పాను. అక్షరాలు నలకల్లా ఉన్నాయి. ఫోను కెమెరాతో పెద్దవి చేసుకుని చదివాను. రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ 46 శాతం, పామాయిల్, చక్కెర, కొర్ర పిండి 8 శాతం, రాగి పిండి 4 శాతం, ఇన్వర్ట్ షుగర్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్, ఉప్పు, ఆ తరువాత కొన్ని అంకెలు. మొదటి పేరు మరేమీ కాదు, మన మైదాయే.

ఈ వరుస ఇష్టం వచ్చినట్టు రాసింది కాదు. తయారీలో ఏది ఎక్కువ బరువు పడితే దాన్ని ముందు రాయాలని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన. ఏ దినుసునైనా మాటతోనో బొమ్మతోనో ముందుకు తెచ్చి చూపిస్తే, అది ఎంత శాతం ఉందో కూడా చెప్పాలి. కొర్ర కంకి బొమ్మ వేశారు కాబట్టే ఆ 8 బయటపడింది. అబద్ధం ఎక్కడా లేదు. కాకపోతే ఈ వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చట్టానికి సరిపోతుంది, తెలుగు తప్పనిసరి కాదు. పిన్ని చదవగలిగింది ఆ అట్ట మీద బొమ్మ ఒక్కటే. కొర్ర అంటే ఏమిటో తెలియని వాళ్లకంటే, తిని పెరిగిన ఆమెకే ఆ బొమ్మ మీద ఎక్కువ గురి కుదిరింది. నాకు కష్టంగా తోచింది అదే.

చక్కెర సంగతి చూద్దాం. జాబితాలో అది మూడోది. కానీ కిందికి వెళితే ఇన్వర్ట్ షుగర్ సిరప్ కనిపిస్తుంది. అదీ చక్కెరే, గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టిన చక్కెర. తీపిని రెండు మూడు పేర్ల కింద పంచితే ఒక్కో పేరు బరువు తగ్గి వరుసలో కిందికి జారుతుంది. అన్నిటినీ కలిపి రాస్తే ఎంత పైకి వచ్చేదో!

మాల్టోడెక్స్‌ట్రిన్ ఇంకా గడుసుది. పిండిపదార్థం అంటే గ్లూకోజు పూసలు గుచ్చిన పొడవైన దండ. ఆ దండను ముందే ముక్కలు చేస్తే వచ్చేది మాల్టోడెక్స్‌ట్రిన్. నాలుకకు పెద్దగా తియ్యగా ఉండదు, ప్యాకెట్టు మీది పోషకాల పట్టికలో చాలావరకు చక్కెర గడిలోకి రాదు. పేగుల్లో మాత్రం చకచకా విడిపోయి గ్లూకోజై రక్తంలో కలుస్తుంది. అందుకే షుగరున్న వాళ్లు చక్కెర గడి దగ్గర ఆగకుండా మొత్తం కార్బోహైడ్రేట్ల అంకె చూడాలి. ఈ ప్యాకెట్టులో అది 100 గ్రాములకు 68. పిండి చేస్తే కొర్ర సంగతీ అంతే. గింజగా ఉడికితే నిదానంగా అరిగేది, మెత్తని పిండయ్యాక ఆ నిదానం చాలావరకు పోతుంది.

పట్టిక కింద ఒక్కసారికి తినేది 25 గ్రాములు, అంటే మూడు బిస్కెట్లు అని వేశారు. అదనపు చక్కెర 5 గ్రాములు, రోజు పరిమితిలో 10 శాతమే. మూడు బిస్కెట్లతో టీ ముగించే మనిషి మా వంశంలో పుట్టలేదు. పిన్ని పొద్దున ఆరు, సాయంత్రం ఆరు తింటుంది. లెక్క వేస్తే సరిగ్గా 100 గ్రాములు. ఆ గడి ప్రకారం 480 కిలోక్యాలరీలు, 20 గ్రాముల అదనపు చక్కెర, 9.2 గ్రాముల సంతృప్త కొవ్వు. లేబుళ్ల మీది శాతాలకు ఆధారం రోజుకు 2000 కిలోక్యాలరీలు, 50 గ్రాముల అదనపు చక్కెర, 22 గ్రాముల సంతృప్త కొవ్వు, 2000 మిల్లీగ్రాముల సోడియం. అంటే సంతృప్త కొవ్వు పరిమితిలో 40 శాతం పైన టీలతోనే అయిపోయింది. సోడియాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు వస్తుంది కాబట్టి ఆ 2000 అంటే 5 గ్రాముల ఉప్పు. మసాలా ఓట్స్, సూపు పొడులు కొనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చేసి చూడాలి.

"పోనీ, చక్కెర లేనివి ఉన్నాయట కదా?" అంది పిన్ని. 100 గ్రాములలో చక్కెర అర గ్రాముకు మించకపోతే ఆ మాట వేసుకోవచ్చు. మైదాకూ నూనెకూ ఆ మాటతో సంబంధం లేదు. పండ్ల రసాల తంతూ ఇలాంటిదే. గాఢ రసానికి నీళ్లు కలిపి డబ్బాల్లో నింపిన వాటి మీద 'నూటికి నూరు శాతం పండ్ల రసం' అనే మాట తీసెయ్యమని ఆహార భద్రతా సంస్థ 2024 జూన్‌లో ఆదేశించింది. పక్కన నెల్లూరు జిల్లా పొదలకూరులో నిమ్మ మార్కెట్టు ఉండగా నిమ్మకాయ బొమ్మ వేసిన తియ్యనీళ్ల సీసా కొనుక్కోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

సాయంత్రం ఇద్దరం అంగడికి వెళ్లి కొర్ర బియ్యం కొన్నాం. వెనక దినుసుల దగ్గర ఒకే పేరు, కొర్రలు. ఇక చదివేది లేదనుకున్నాను. ఇంటికి వచ్చాక పిన్ని గుప్పెడు అరచేతిలో పోసుకుని దీపం కింద పెట్టి చూసింది.

"కొర్ర బియ్యం పసుపు పచ్చగా ఉండాలి నాయనా. ఇవి ఇంత తెల్లగా ఉన్నాయంటే పాలిష్ పట్టేశారు. పైపొర మొత్తం పోయింది. ఆ సంగతి రాశారేమో చూడు."

మళ్లీ ఫోను తీసి రెండు వైపులా వెతికాను. రాయలేదు.