వాక్యం ఫోన్లోకి ఎలా వచ్చింది? గుంటూరు, విజయవాడ క్రైస్తవ సంఘాల నేపథ్యం

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 5 మట్టల ఆదివారం, 10 గుడ్ ఫ్రైడే, 12 ఈస్టర్. ఏడాదంతా చర్చి ముఖం చూడనివాళ్లు కూడా వచ్చే రోజుల్లో గుంటూరులో, విజయవాడలో గుళ్లకు తాళాలు పడ్డాయి. చాలామంది పాస్టర్లు మొదటిసారి ఫోన్ కెమెరా ముందు నిలబడి వాక్యం, అంటే బైబిల్ బోధ, చెప్పింది అప్పుడే. అందుకే ఆన్‌లైన్ సేవ కరోనాతో పుట్టిందనుకుంటాం. దాని వేర్లు ఇంకా చాలా లోతున ఉన్నాయి.

అమెరికన్ లూథరన్ మిషనరీ హయ్యర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. కలెక్టర్ స్టోక్స్ అండ దొరికింది, బడి పెట్టాడు. కానీ చదువు రాని పల్లెలకు వాక్యాన్ని మోసింది ప్రధానంగా పాటే. తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి (1803-1890) రాసిన కీర్తనలు మన రాగాల్లో ఉండేవి. ఒకసారి విన్నవాళ్లు పొలంలో పాడుకునేవారు, పక్క ఊరికి పట్టుకెళ్లేవారు. రాసినాయన అక్కడికి వెళ్లక్కర్లేదు. దాంతోపాటే బైబిల్ స్త్రీలు, అంటే మిషన్ తరఫున బోధించే ఆడవాళ్లు, ఇంటింటికీ తిరిగారు. మగ బోధకులు గడప దాటలేని ఇళ్లలో ఆడవాళ్ల పక్కన కూర్చుని చదివి వినిపించారు, వాళ్ల కష్టం విన్నారు. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ను కూడా మిషన్ మొదట ఆ పనికే పెట్టింది. సేవ అప్పటినుంచీ ఈ రెండు దారుల్లో నడిచింది. మనిషి రాకపోయినా చేరే మాట ఒకటి, మనిషే వెళ్లి కూర్చోవడం రెండోది.

తర్వాత వచ్చిన ప్రతి సాధనమూ మొదటి దారినే వెడల్పు చేసింది. 1969లో మనీలాలో కథోలిక రేడియో వెరితాస్ ఆసియా, 1970లో సీషెల్స్ దీవుల్లో ఫెబా అనే క్రైస్తవ రేడియో మొదలయ్యాయి. షార్ట్‌వేవ్‌లో తెలుగు ప్రసంగాలు వినడం కోసం రాత్రిపూట రేడియో ముల్లు తిప్పుకుంటూ కూర్చున్న పెద్దలు మన ఇళ్లలో ఉన్నారు. తర్వాత క్యాసెట్లు, కేబుల్ టీవీలో అరగంట స్లాట్లు వచ్చాయి. స్లాట్‌కి డబ్బు కట్టాలి కాబట్టి అది పెద్ద పరిచర్యలకే, అంటే పెద్ద బోధకుల సంస్థలకే, దక్కింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక పాటలు, ప్రసంగాలు పల్లె ఫోన్లకు చేరాయి. 2018లో వెరితాస్ షార్ట్‌వేవ్ ఆపేసి ఇంటర్నెట్‌కు మారింది.

కాబట్టి 2020 నాటికి దారి సిద్ధంగానే ఉంది. ఇబ్బందల్లా చిన్న సంఘాలకే. ఫోన్ నుంచి యూట్యూబ్ లైవ్ ఇవ్వాలంటే అప్పట్లో వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. వంద కుటుంబాల సంఘానికి అది ఎక్కడ కుదురుతుంది? జూమ్ ఉచితంగా ఇచ్చేది నలభై నిమిషాలే, ప్రార్థన మధ్యలో కట్ అయ్యేది. ఇంక ఫేస్‌బుక్ లైవే గతి. ప్లాస్టిక్ కుర్చీ మీద ఫోన్ నిలబెట్టి అయ్యగారు బోధిస్తుంటే కింద వరసగా కామెంట్లు: ‘వందనాలు అయ్యగారూ’, ‘సౌండ్ రావట్లేదండీ’. ప్రభు బల్ల, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారం, దగ్గర పెద్ద వాదనే నడిచింది. రొట్టె, ద్రాక్షరసం ఇంట్లోనే పెట్టుకోమన్న సంఘాలున్నాయి. కథోలికులు పూజ తెర మీద చూడొచ్చన్నారు గానీ దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే రొట్టె) ఆన్‌లైన్‌లో కుదరదన్నారు.

జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరవడానికి కేంద్రం అనుమతిచ్చింది. లైవ్ మాత్రం ఆగలేదు, ఆగకూడదు కూడా. మంచాన పడ్డవాళ్లకు, గల్ఫ్‌లో పనిచేసుకునేవాళ్లకు సొంత ఊరి గుడి గంట వినపడడం చిన్న విషయం కాదు.

కానీ దీనికి ఖర్చు ఉంది, అది చిన్న పాస్టర్ మీద పడుతోంది. విశ్వాసి పెద్ద పరిచర్య ప్రసంగం వింటాడు, తెర మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి కానుక అక్కడికే పంపుతాడు. ఇంట్లో ఎవరైనా పోతే భూస్థాపనకు పరుగెత్తుకొచ్చేది మాత్రం వీధి చివర పాస్టరే. ఆయన ఇల్లు ఆదివారం కానుకల మీదే నడుస్తుంది. ఇది అన్యాయమని గట్టిగా చెప్పాలి. ఆసుపత్రి మంచం మీంచి ఒకరు వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవి పెడితే పదుల కొద్దీ ‘ఆమేన్’లు వస్తాయి. సాయంత్రం దాకా ఆ మంచం దగ్గరికి ఎవరూ రారు.

లైవ్ నడిపే కుర్రాళ్లకు సంఘాలు ఇంకో పని కూడా అప్పగించాలి. కామెంట్లలో, గ్రూపులో జబ్బు అని, ఒంటరిగా ఉన్నామని రాసినవాళ్ల పేర్లు ఆదివారం సాయంత్రానికల్లా రాసి, గృహ దర్శనాలకు వెళ్లే స్త్రీల సమాజం చేతికివ్వాలి.