పిచ్ కౌంట్ కోచ్ చూసుకుంటారా? బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ పిల్లల తల్లిదండ్రుల అపోహలు - వాస్తవాలు

ఫిబ్రవరిలో ట్రైఅవుట్లు, మార్చిలో సీజన్, ఏప్రిల్ సగానికల్లా మా క్లినిక్‌కి మోచేతులు రావడం మొదలు. డాలస్‌కి ఉత్తరాన ఉన్న ఊళ్లలో మన తెలుగు పిల్లలు క్రికెట్‌తో పాటు బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ కూడా బాగానే ఆడుతున్నారు, సంతోషమే. నేను పిల్లల భుజాలు, మోచేతులు చూసే ఫిజికల్ థెరపిస్టుని. శనివారాలు మా ఊరి రెక్ లీగ్‌లో (ఊళ్లోని పిల్లలు సరదాగా ఆడుకునే లీగ్) అసిస్టెంట్ కోచ్‌గా డగౌట్ పక్కన బంతుల బకెట్ మీద కూర్చుంటాను. ఈ రెండు చోట్లా అమ్మానాన్నల నోట ఒకే రకం మాటలు వింటూ ఉంటాను. అన్నిటికీ ఒకే బరువు లేదు. ఒక్కటి మాత్రం పిల్లల చేతుల్ని నిజంగా పాడుచేస్తోంది. ముందు దాని సంగతి చూద్దాం, మిగతావి తర్వాత గబగబా.

అపోహ: "పిచ్ కౌంట్ కోచ్ చూసుకుంటారు కదండీ!"

చూసుకుంటారు. తన టీమ్‌కి, ఆ పూట మ్యాచ్‌లో వేసినవి చూసుకుంటారు. (బేస్‌బాల్‌లో పిచ్ అంటే పిచర్ బ్యాటర్‌కి వేసే ఒక్కో బంతి, పిచ్ కౌంట్ అంటే వాటి లెక్క.) మీ వాడి చెయ్యి వారం మొత్తంలో ఎన్ని వేసిందో చూసే పని ఏ లీగూ ఎవరికీ అప్పజెప్పలేదు. అది మీ పనే.

పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్ సంస్థ 2007లో ఇన్నింగ్స్ లెక్క మానేసి పిచ్‌ల లెక్క తెచ్చింది. రోజుకి 7-8 ఏళ్ల వాళ్లు 50, 9-10 వాళ్లు 75, 11-12 వాళ్లు 85, 13-16 వాళ్లు 95 మించకూడదు. పద్నాలుగేళ్ల వరకు పిల్లలు ఒక రోజులో 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి, 51-65కి మూడు, 36-50కి రెండు, 21-35కి ఒకటి. 41 గానీ అంతకు మించి గానీ వేసినవాణ్ని ఆ రోజిక క్యాచర్‌గా (బ్యాటర్ వెనక కూర్చుని పిచ్‌లు పట్టేవాడిగా) పెట్టకూడదు. మంచి రూల్సే. నేను చూసిన కోచ్‌లు చాలామంది నిజాయితీగానే పాటిస్తారు. చిక్కంతా ఎక్కడంటే, ఒక టీమ్ లెక్క ఇంకో టీమ్‌కి తెలీదు.

మొన్న వచ్చిన పదకొండేళ్ల బాబు వారం చూడండి. మంగళవారం రెక్ మ్యాచ్‌లో 60 పిచ్‌లు. రూలు ప్రకారం బుధ, గురు, శుక్రవారాలు విశ్రాంతి, శనివారం వెయ్యొచ్చు. గురువారం సాయంత్రం ప్రైవేట్ పిచింగ్ లెసన్, అక్కడ 40. శనివారం ట్రావెల్ టీమ్ (ఊరూరా తిరిగి ఆడే టీమ్) టోర్నమెంట్, దాని రూల్స్ వేరు. పొద్దున 50 పిచ్‌లు, మధ్యాహ్నం రెండో మ్యాచ్‌లో క్యాచర్. ఆదివారం మన క్రికెట్ అకాడమీలో బౌలింగ్. రెక్ కోచ్ కాగితం శుభ్రం, ట్రావెల్ కోచ్ కాగితం శుభ్రం, లెసన్ చెప్పేవాడి దగ్గర అసలు కాగితమే లేదు. ప్రతి ఇన్నింగ్స్‌కీ ముందు ఎనిమిది దాకా వార్మప్ పిచ్‌లు వెయ్యనిస్తారు, అవి ఏ లెక్కలోకీ రావు. క్యాచర్ ప్రతి పిచ్‌నీ తిరిగి విసరాలి, అదీ రాదు. భుజం లెక్కలోకి మాత్రం అన్నీ వస్తాయి. చేతిలో ఉన్న బంతి తెల్లదో ఎర్రదో దానికి అక్కర్లేదు.

"కోచ్ 60 దగ్గర ఆపేశారండీ, మేం జాగ్రత్తగానే ఉన్నాం" అన్నారు వాళ్లమ్మ. ఆవిడ చెప్పింది నిజమే.

మోచెయ్యి లోపలివైపు, చిటికెనవేలి వరసలో పైకి వెళ్తే ఒక ఎముక బుడిపె తగులుతుంది. ఓవర్‌హ్యాండ్‌గా గట్టిగా విసిరినప్పుడల్లా అక్కడి కండరాలూ లిగమెంటూ దాన్ని లాగుతాయి. పెద్దవాళ్లలో ఆ లాగుడుకి ఎక్కువగా దెబ్బతినేది లిగమెంటు. పిల్లల్లో అక్కడి గ్రోత్ ప్లేట్ (ఎముక పెరిగే మెత్తటి భాగం) ఇంకా మూసుకోలేదు కాబట్టి ముందు అది దెబ్బతింటుంది. లిటిల్ లీగ్ ఎల్బో అనేది ఇదే. భుజానిదీ ఇంచుమించు ఇదే కథ. కనిపెట్టగానే ఆపితే చాలామందికి కొన్ని వారాల విశ్రాంతి, తర్వాత మెల్లగా మొదలుపెట్టే త్రోయింగ్ ప్రోగ్రామ్‌తో సరిపోతుంది. సాగదీస్తే సీజన్లే పోతాయి.

అలబామాలోని అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2006లో ఒక పరిశోధన ప్రచురించారు. భుజానికో మోచేతికో ఆపరేషన్ దాకా వెళ్లిన టీనేజ్ పిచర్లని, ఏ గాయమూ లేని పిచర్లతో పోల్చి చూశారు. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి పిచింగ్ చేసినవాళ్లకి ఆపరేషన్ ముప్పు ఐదు రెట్లు. మ్యాచ్‌కి సగటున 80 పిచ్‌లు దాటినవాళ్లకి దాదాపు నాలుగు రెట్లు. చెయ్యి అలిసిపోయాక కూడా తరచూ పిచింగ్ చేసినవాళ్లకి 36 రెట్లు. అవును, ముప్పై ఆరు. ప్రేక్షకుల మెట్ల మీద అందరూ గుసగుసలాడే కర్వ్‌బాల్ (గాలిలో వంపు తిరిగే పిచ్) సంగతికొస్తే, దాన్ని ఏ వయసులో మొదలుపెట్టారనేది ఆ రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడాగా తేలలేదు. అలాగని తొమ్మిదేళ్లవాడికి కర్వ్ నేర్పమని కాదు. ఫాస్ట్‌బాలే కదా అని అలిసిన చేత్తో వేయించడం అంతకంటే పెద్ద తప్పు.

మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 2014లో తెచ్చిన 'పిచ్ స్మార్ట్' మార్గదర్శకాలు 9-12 ఏళ్ల వాళ్లకి ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసరడమే వద్దంటాయి. అందులో రెండు మూడు నెలలు వరసగా ఉండాలి. పన్నెండు నెలల్లో అన్ని టీమ్‌లూ కలిపి 80 ఇన్నింగ్స్ దాటకూడదు. మిన్నెసోటాలో ఈ విశ్రాంతి మంచు దానంతటదే ఇప్పిస్తుంది. ఇక్కడ టెక్సాస్‌లో స్ప్రింగ్ అవగానే సమ్మర్ టోర్నమెంట్లు, ఆ తర్వాత ఫాల్ బాల్, డిసెంబర్‌లో ఇండోర్ కేజ్. మంచు చేసే పని మనమే చెయ్యాలి.

ఎలాగంటారా? ఫోన్‌లో ఒక నోట్ చాలు. తారీఖు, ఎక్కడ, ఎన్ని పిచ్‌లు, ఎన్ని ఇన్నింగ్స్ క్యాచర్, లెసన్, బౌలింగ్. స్కోరు గేమ్‌ఛేంజర్ యాప్‌లో నడిపే టీమ్ అయితే పిచ్‌ల సంఖ్య అందులోనే దొరుకుతుంది. శుక్రవారం రాత్రి దాన్ని ఒకసారి చూసుకుని కోచ్‌కి రెండు ముక్కలు మెసేజ్ పెట్టండి: "కోచ్, మా వాడు గురువారం లెసన్‌లో 40 వేశాడు. రేపు పిచింగ్, క్యాచింగ్ వద్దు. ఫస్ట్ బేస్ ఆడిస్తారా?" ఇది పెట్టడానికి మనవాళ్లు ఎంత జంకుతారో నాకు తెలుసు. బెంచ్ మీద కూర్చోబెడతారేమో, మళ్లీ టీమ్‌లో తీసుకోరేమో అని భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు, అలాంటి కోచ్‌లూ ఉన్నారు. పదకొండేళ్ల పిల్లవాడి చెయ్యి గురించి చెప్తే మొహం మాడ్చుకునే కోచ్ దగ్గర వచ్చే సీజన్‌కి డబ్బు కట్టాలా వద్దా, మీరే ఆలోచించుకోండి.

అపోహ: "నొప్పి ఉంటే వాడే చెప్తాడుగా!"

చెప్పడు. బుడిపె మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా నొక్కి "ఇక్కడ నొప్పిగా ఉందా?" అని అడిగితే చాలామంది పిల్లలు ముందు నా వైపు చూడరు, నాన్న వైపు చూస్తారు. ఆయన మొహం చూసుకుని "కొంచెమే" అంటారు. ఆ 'కొంచెమే'కి వేళ్లు బిగుసుకుని ఉంటాయి.

ఒక నాన్నగారు కొడుకు ప్రతి మ్యాచ్‌కీ రాడార్ గన్ స్పీడు ఎక్సెల్ షీట్‌లో రాసుకొచ్చారు, గ్రాఫులతో సహా. పాపం, ఎంత ప్రేమ ఉంటే అంత ఓపిక! "మొత్తం పిచ్‌లు ఎన్నండీ?" అంటే ఆ గడి మాత్రం షీట్‌లో లేదు. ఆఫీసు కాల్ వచ్చి ఆయన బయటికి వెళ్లగానే పిల్లవాడు చెప్పేశాడు, మోచెయ్యి ఫాల్ సీజన్ నుంచే నొప్పిగా ఉందని. ఎందుకు చెప్పలేదురా అంటే, "హోటల్ బుక్ చేసేశారు అంకుల్" అన్నాడు. వచ్చే టోర్నమెంట్‌కి. పిల్లలకి టీమ్ ఫీజు ఎంతో తెలుసు, బ్యాట్ ఎంతకి కొన్నారో తెలుసు, కారులో మనం మాట్లాడుకునేవన్నీ వెనక సీట్లో వింటూనే ఉంటారు.

పిల్లవాడు నిజం చెప్పేదీ దాచేదీ ఎక్కువగా మ్యాచ్ అయ్యాక ఆ కారులోనే తేలిపోతుంది. "ఆ థర్డ్ స్ట్రైక్‌కి ఎందుకు బ్యాట్ ఊపలేదు?" అని (మూడో స్ట్రైక్‌తో బ్యాటర్ అవుట్, అదే స్ట్రైకౌట్) మొదలైన ప్రయాణంలో ఏ పిల్లా "నాన్నా, చెయ్యి లాగుతోంది" అనదు. స్ట్రైకౌట్ వాడికీ తెలుసు, అక్కడ నిలబడింది వాడే. ఆకలేస్తోందా అని అడగండి. చెయ్యి ఎలా ఉందని మర్నాడు పొద్దున అడగండి. రెండు చేతులూ అరచేతులు పైకి పెట్టి పూర్తిగా చాపమనండి. విసిరే చెయ్యి రెండోదానంత తిన్నగా రాకపోయినా, బుడిపె మీద ముట్టుకుంటే నొప్పి ఉన్నా విసరడం ఆపి డాక్టర్‌కి చూపించండి. కండరాల నొప్పి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఎముక దగ్గర, విసిరిన ప్రతిసారీ వచ్చే నొప్పిని 'గ్రోయింగ్ పెయిన్స్' అని వాట్సాప్ గ్రూపులో ఎవరో అన్నారని వదిలెయ్యకండి. మ్యాచ్‌కి ముందు ఐబుప్రోఫెన్ వేసి దింపడం అంతకంటే అన్యాయం, ఆగమని చెప్పే ఒక్క గొంతునీ నొక్కేసినట్టే.

అపోహ: "సాఫ్ట్‌బాల్ కింద నుంచి వేస్తారు, అమ్మాయి చేతికి ఏం కాదు"

సాఫ్ట్‌బాల్ పిచర్లు వేసే విండ్‌మిల్ పిచింగ్‌లో చెయ్యి భుజం చుట్టూ పూర్తిగా గిర్రున తిరిగి తుంటి దగ్గర బంతిని వదులుతుంది. ఆ క్షణంలో చేతిని భుజం నుంచి బయటికి లాగే బలం తక్కువేమీ కాదు. భుజం ముందు భాగంలో బైసెప్స్ తీగ దగ్గర నొప్పి అంటూ వచ్చే అమ్మాయిల్లో ఎక్కువమంది పిచర్లే. లిటిల్ లీగ్‌లో కూడా సాఫ్ట్‌బాల్‌కి బేస్‌బాల్ మాదిరి పిచ్ కౌంట్ లేదు, ఇన్నింగ్స్ పరిమితులే. ట్రావెల్ టోర్నమెంట్‌లో శని, ఆదివారాలు వరసపెట్టి మ్యాచ్‌లుంటే బాగా వేసే ఒక్క అమ్మాయి మీదే భారం పడుతుంది. "మా పాపకి స్టామినా ఎక్కువండీ, అన్నీ తనే వేస్తుంది" అని గర్వంగా చెప్తారు. టీమ్‌లో ఇంకో ఇద్దరు పిచర్లు తయారవుతున్నారా అని కోచ్‌ని అడగండి. సాఫ్ట్‌బాల్ అమ్మాయిల నోట్‌లో గళ్లు ఇంకా ఎక్కువ ఉండాలి, ఎందుకంటే వాళ్ల పిచ్‌లు ఎవరూ లెక్కపెట్టరు.

ఇక మిగతావి

"టామీ జాన్ సర్జరీ చేయిస్తే చెయ్యి ఇంకా గట్టిపడుతుందట." ఈ 'ట' వార్త ఎక్కణ్నుంచి పుడుతుందో నాకు అర్థం కాదు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే పిచర్ మోచేతికి చేసింది తెగిన లిగమెంటుకి మరమ్మతు, ఇంజిన్ మార్చడం కాదు. పిచర్లు మళ్లీ పూర్తిగా ఆటలోకి రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, అందరూ రారు. "మరి పిచర్ కుమార్ రాకర్?" అంటారు. ఆ అబ్బాయి తల్లివైపు మూలాలు భారతదేశానివి, అందుకని మనవాళ్లకి ఇష్టం, నాకూ ఇష్టమే. టెక్సాస్ రేంజర్స్ అతన్ని డ్రాఫ్ట్‌లో మూడో స్థానంలో తీసుకున్నది 2022లో. సర్జరీ జరిగింది 2023లో. మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ 2024 సెప్టెంబర్‌లో. ప్రతిభ ముందు నుంచీ ఉంది, కత్తి దాన్ని తేలేదు.

"కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుంది." హైస్కూల్లో బేస్‌బాల్ ఆడే నూరు మందిలో ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల సంస్థ) మూడు డివిజన్లలో ఏదో ఒకదాంట్లో ఆడేది ఏడెనిమిది మంది, అన్నిటికంటే పై స్థాయి డివిజన్ వన్‌లో ఇద్దరు ముగ్గురు. డివిజన్ త్రీలో ఆటకి స్కాలర్‌షిప్పే లేదు. డివిజన్ వన్‌లోనూ బేస్‌బాల్ వాళ్లకి చాలాకాలం టీమ్ మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే, వాటినే ముక్కలు చేసి పంచేవారు. ఇప్పుడు రూల్స్ మారాయి గానీ అందరికీ పూర్తి ఫీజు ఇవ్వాలని ఎక్కడా లేదు. కాలేజీ ఖర్చు కోసమే అయితే ఆ ట్రావెల్ డబ్బు 529లో (కాలేజీ చదువు కోసం దాచుకునే ఖాతాలో) వేసుకోండి.

"తొమ్మిదేళ్లకే ఒక్క ఆటకి పరిమితం కాకపోతే వెనకబడతాడు." అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఆ నిర్ణయాన్ని 15-16 ఏళ్ల దాకా వాయిదా వెయ్యమంటుంది. ఈతకి పంపండి, సాకర్ ఆడించండి.

"క్రికెట్ చూస్తూ పెరిగాం, ఇదీ అలాంటిదే." కాదు. ఫెన్స్ వెనక నుంచి "రన్, రన్!" అని అరవకండి. ఎప్పుడు పరిగెత్తాలో చెప్పడానికి ఫస్ట్, థర్డ్ బేస్‌ల దగ్గర కోచ్‌లు నిలబడి ఉంటారు. పైకి లేచిన బంతిని అవతలివాళ్లు పట్టకముందే మీ మాట విని పరిగెత్తినవాడు, తిరిగి తన బేస్‌కి చేరేలోగా బంతి అక్కడికి వస్తే, డబుల్ ప్లేలో (ఒకే బంతికి ఇద్దరు) అవుటవుతాడు. అంపైర్ మీద కేకలు అసలే వద్దు. చాలా చోట్ల అతను జేబుఖర్చు కోసం వచ్చిన హైస్కూల్ పిల్లవాడో, ఊరికే వచ్చిన పక్కింటాయనో. మా లీగ్‌లో ఒక అమ్మమ్మగారు విజయవాడ నుంచి వచ్చిన ఆర్నెల్లూ ఫౌల్ బంతికీ, అవతలి టీమ్ హోమ్ రన్‌కీ ఒకేలా చప్పట్లు కొట్టేవారు. ఆవిడ మనవడు ఆ సీజన్‌లో హాయిగా ఆడాడు.

డాక్టర్ గురించి కూడా అడుగుతుంటారు. పిల్లల ఆర్థోపెడిక్స్ గానీ స్పోర్ట్స్ మెడిసిన్ గానీ చేసేవాళ్లయితే మంచిది. గ్రోత్ ప్లేట్ అనుమానం ఉంటే రెండు మోచేతులకీ ఎక్స్‌రే తీసి పోల్చి చూడటం మామూలే, రెండోది ఎందుకని కంగారు పడకండి. అపాయింట్‌మెంట్‌కి బేస్‌బాల్ గ్లవ్, ట్రోఫీ ఫొటోలు అక్కర్లేదు. గత రెండు నెలల పిచ్‌ల లెక్క తీసుకెళ్లండి, ఒక్క ప్రశ్న మాత్రం మీరు పక్కన లేకుండా పిల్లల్ని డాక్టర్‌ని అడగనివ్వండి.