'తత్లో'కి 'అతొ' చుట్టమా?

ఫిలిప్పీన్స్ భాష టాగలాగ్‌లో మూడును 'తత్లో' అంటారు. నైజీరియా భాష ఇగ్బోలో 'అతొ'. తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలీలో 'తతు'. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది: మనీలా చుట్టుపక్కల పుట్టిన భాషకూ ఆగ్నేయ నైజీరియా భాషకూ ఎప్పుడో ఏదో చుట్టరికం ఉండే ఉంటుందని. పోలిన మాటలు నాలుగు ఏరి, రెండు జాతులు ఒకటేనని తేల్చేసేవాళ్లు అన్ని భాషల్లోనూ ఉన్నారు. తెలుగులోనూ తక్కువేం కాదు. అందుకే ఈ ఒక్క మాటనూ కాస్త విప్పి చూడటం అవసరం.

'తత్లో'లో అసలు ముక్క పాత కాలపు 'తెలు'. మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు దాని మొదటి హల్లును రెట్టించి ముందు 'త' చేర్చేవాళ్లు. మనం మూడు చెట్లు అంటాం, మనుషుల దగ్గరికి వచ్చేసరికి ముగ్గురు అంటాం చూడండి, అలాంటి తేడా అన్నమాట. టాగలాగ్‌లో కాలక్రమంలో ఆ 'ముగ్గురు' రూపమే అన్నిటికీ స్థిరపడిపోయింది. సమోవాలో 'తోలు', హవాయిలో 'కోలు' అనేవి ఆ అదనపు 'త' లేని రూపాలు. ఇటు ఇగ్బో 'అతొ'లో మొదటి 'అ' ముందు చేరిన ముక్క, అసలుది 'తొ'. యొరుబాలో మూడు అంటే 'ఎత'. ఇగ్బో, యొరుబా, స్వాహిలీ మూడూ నైజర్-కాంగో కుటుంబానివే, వాటి పోలికకు రక్తసంబంధమే కారణం. టాగలాగ్, సమోవా, హవాయి భాషలు ఆస్ట్రోనేషియన్ అనే వేరే కుటుంబానివి. విప్పి చూశాక చేతిలో మిగిలేవి ఒక 'తెలు', ఒక 'తొ'. కలిసేది ఒక్క త-కారం.

ఆఫ్రికాలో టాగలాగ్‌కు నిజమైన చుట్టం లేకపోలేదు. అది మడగాస్కర్‌లోని మలగాసీ. దాన్ని మాట్లాడేవాళ్ల పూర్వీకుల్లో ఒక భాగం బోర్నియో వైపు నుంచి హిందూ మహాసముద్రం దాటి వచ్చినవాళ్లు. టాగలాగ్‌లో ఏడు 'పితో', ఎనిమిది 'వలో'. మలగాసీలో 'ఫితు', 'వలు'. టాగలాగ్ ప-కారం ఉన్నచోట మలగాసీలో ఫ-కారం మాట తర్వాత మాటలో కనిపిస్తుంది. భాషాశాస్త్రవేత్తలు నమ్మేది ఇలా పద్ధతిగా కలిసే పోలికల్నే. ఇక 'గురో' (టీచర్), 'ముఖా' (ముఖం), 'ఆసా' (ఆశ) అనే టాగలాగ్ మాటలు విని మనకు ప్రాణం లేచివస్తుంది గానీ, అవి సంస్కృతం నుంచి చేరిన ఎరువు మాటలు. మనీలా పక్కనే లగూనాలో దొరికిన రాగిరేకు మీద శక సంవత్సరం 822, అంటే క్రీ.శ. 900 అని ఉంది. పాత మలయ్ భాషలో రాసిన ఆ శాసనంలో సంస్కృత పదాలు చాలా ఉన్నాయి. రాకపోకలు ఎంత పాతవో దాన్నిబట్టి తెలుస్తుంది. చుట్టరికం మాత్రం తేలదు.

మరి చుట్టరికం లేని భాషల్ని పోల్చడం దేనికి? నాకైతే అసలు రుచి అక్కడే ఉందనిపిస్తుంది. తినడం అనే పనినే తీసుకోండి. టాగలాగ్ ధాతువు 'కాయిన్'. దాని మధ్యలో 'ఉమ్' చొప్పిస్తే 'కుమాయిన్', తిన్నాడు. మొదటి అక్షరం రెట్టిస్తే 'కకాయిన్', తింటాడు. రెండూ కలిపితే 'కుమకాయిన్', తింటున్నాడు. 'ఉమ్' తీసి 'ఇన్' పెడితే 'కినాయిన్'. అప్పుడు వాక్యం తిన్న మనిషి మీంచి తిన్న వస్తువు మీదికి మళ్లుతుంది. మన ప్రత్యయాలన్నీ మాట చివర చేరతాయి. వాళ్లవి ధాతువు కడుపులోనే దూరతాయి.

ఇగ్బోలో తినడానికి ధాతువు 'రి', అంతే, ఒక్క అక్షరం. 'ఒ రిరి న్రి' అంటే అన్నం తిన్నాడు. వెళ్లాడు అనడానికి 'గారా', కొన్నాడు అనడానికి 'జురు'. భూతకాలపు ర-కారం ధాతువులోని అచ్చునే తగిలించుకుంటుంది. ఇగ్బోలో ఎనిమిది అచ్చులు నాలుగేసి చొప్పున రెండు జట్లు. మామూలుగా ఒక మాటలో ఒక జట్టు అచ్చులే ఉంటాయి. ఇది మనకు కొత్త కాదు. హరికి, రాముకు, పులిని, చెట్టును. ముందున్న అచ్చును బట్టి ప్రత్యయం అచ్చు మార్చుకోవడం తెలుగు నాలుకకు పుట్టుకతో వచ్చిందే. టాగలాగ్‌లో ఈ పద్ధతి లేదు.

ఇంకొకటి. ఇగ్బోలో 'గ్బా' అనే క్రియ పక్కన ఏ నామం చేరితే ఆ పని అవుతుంది: 'గ్బా ఒసొ' పరుగెత్తడం, 'గ్బా ఎగ్వు' నాట్యం చేయడం, 'గ్బా ఎగ్బే' తుపాకీ కాల్చడం. ఈత కొట్టి, చప్పట్లు కొట్టి, బోర్ కొట్టిందనే మనకు ఇందులో వింతేముంది?

అలాగని తెలుగు ఇగ్బో వైపే మొగ్గుతుందా అంటే, లేదు. ఎదుటివాణ్ని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. టాగలాగ్‌లోనూ అచ్చంగా అంతే: 'తాయో', 'కమీ'. ఇగ్బోలో రెండింటికీ 'అన్యి' ఒక్కటే. అతను, ఆమె అనే తేడా మాత్రం ఆ రెండు భాషల్లోనూ లేదు. టాగలాగ్ 'షా' ఇద్దరికీ చెల్లుతుంది, ఇగ్బో 'ఒ' అయితే వస్తువులకు కూడా.

ఇక ఇగ్బో స్వరం సంగతి. 'అక్వా'లో రెండక్షరాలూ పై స్వరంలో పలికితే ఏడుపు. పైనుంచి కిందికి దిగితే బట్ట. కింది నుంచి పైకి లేస్తే గుడ్డు. రెండూ కింది స్వరమైతే మంచం. టాగలాగ్‌లో ఇన్ని మెట్లు లేవు గానీ ఊనిక ఉంది: 'బసా' మొదటి అక్షరాన్ని ఊనితే చదవడం, రెండోదాన్ని ఊని గొంతులో చటుక్కున ఆపేస్తే తడి.

1961లో స్థిరపడిన ఒన్వు లిపిపద్ధతి ఇగ్బో అచ్చుల్లో కొన్నిటి కింద చుక్కలు పెట్టింది. స్వర గుర్తుల్ని మాత్రం మామూలు రాతలో ఎక్కువమంది వదిలేస్తారు. ఫోన్‌లో టైప్ చేసేటప్పుడు చుక్కలూ పోతుంటాయి. టాగలాగ్ ఊనిక గుర్తులూ నిఘంటువుల్లోనే గానీ పత్రికల్లో కనిపించవు. ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్లు సందర్భాన్ని బట్టి చదివేసుకుంటారు. చూపు లేనివాళ్లకు వార్తలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కే అసలు చిక్కు: సంతలో అమ్మింది గుడ్లో బట్టలో దానికి ఎలా తెలియాలి? ఇగ్బో మీద పనిచేసే పరిశోధకులు కొందరు ఇప్పుడు ఆ వదిలేసిన గుర్తుల్ని కంప్యూటర్ చేతే తిరిగి పెట్టించే పనిలో ఉన్నారు.